మా దిబ్బ జనాభా

బహదూర్‌పురాలో మా నాలా ఒకచోట రెండు పాయలుగా చీలి, కొంతదూరం పోయాక మళ్లీ కలిసేది. ఆ రెండు పాయల మధ్య మిగిలిన మట్టి దిబ్బ మా ఊరు. ద్వీపమంటే నాలుగు దిక్కులా నీళ్లున్న భూమి అని బడిలో చెప్పినప్పుడు పుస్తకంలో కొబ్బరిచెట్ల బొమ్మ చూపించారు. మా ద్వీపం చుట్టూ ఉన్నది ఎగువన తోళ్ల కార్ఖానా వదిలే నల్లటి నీళ్లు. వాటి మీద నురగ, గొర్రెబొచ్చు, అప్పుడప్పుడు ఉబ్బిపోయిన కుక్క. ఇన్నేళ్ల తరువాత రాస్తూ కూడా ముక్కు మూసుకుంటున్నాను.

దిబ్బ మీద పదకొండు గుడిసెలు, అందరం బర్రెల వాళ్లమే. మనుషుల కంటే బర్రెలు ఎక్కువ, బర్రెల కంటే దోమలు ఎక్కువ. ఎండాకాలం పాయలో వేసిన బండల మీద అడుగులేసుకుంటూ అవతలికి పోయేవాళ్లం. వానలు పడితే బండలు మునిగేవి. అప్పుడు మగవాళ్లు పాలక్యాన్లు నెత్తిన పెట్టుకుని నడుములోతు మురికిలో దాటేవాళ్లు. దగ్గర్లోని జూలో సింహం గర్జిస్తే మాకు వినపడేది. దానికైనా నడవడానికి పొడినేల ఉంది కదా అని ఏడ్చేదాన్ని. బడికి పోయే ముందు అవతలి ఒడ్డున బోరింగు దగ్గర కాళ్లు మూడుసార్లు కడుక్కునేదాన్ని. అయినా పక్కన కూర్చునే పిల్ల ముక్కు చిట్లించేది. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు, దిబ్బ మీద వచ్చింది.

డెబ్బై ఒకటి మార్చిలో జనాభా లెక్కలు రాసే ఆయన వచ్చాడు. నేనప్పుడు పదో తరగతి. దిబ్బ మొత్తానికి చదవడం, రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆయన అవతలి ఒడ్డునే ఆగిపోయి, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అరిచాడు.

"నేను గీ గలీజ్‌లకు రాను. నువ్వే ఇండ్లిండ్లకు పోయి రాసుకొనిరా."

ఒళ్లు మండింది. అలాంటి రుమాలు నాకూ ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

నోటుబుక్కు పట్టుకుని తిరిగాను. ఒక్క గుడిసెలోనూ ఉన్నంతమందిని చెప్పలేదు. గొడ్లనైనా, పిల్లలనైనా ఒకటి తగ్గించి చెప్పడం మావాళ్ల అలవాటు. "అసలు లెక్క చెప్తే దిష్టి తగుల్తదే!" అని మా నానమ్మే నా మీద విరుచుకుపడింది.

నేను ఊరుకోలేదు. మా వదినకు అప్పుడు నాలుగో నెల, తొలిచూలు. శ్రావణంలో కాన్పు. శ్రావణమంటే మా బండలు మునిగే నెల. ఈలోగా నాలా మీద చిన్న వంతెన వేయించుకోవాలని మా అన్న పట్టుదల.

"మంది కాగితం మీద కనవడకపోతే వంతెన ఎవడేస్తడే? దాచిపెట్టకుండ్రి" అని అందరితో లొల్లి చేసి, చంటిపిల్లలతో సహా రాయించాను. చివరికి మా ఇల్లు. బాపు, అమ్మ, నానమ్మ, అన్న, వదిన.

బండలు దాటి పోయి నోటుబుక్కు చేతికిచ్చాను. ఆయన అంతా తన కాగితాల్లోకి ఎక్కించుకుని అడిగాడు.

"మరి నువ్వు?"

"నేను ఇక్కడ ఉండ. సంతోష్‌నగర్ కాలనీల మా మేనత్త ఇంట్ల ఉంట."

ఆయన రుమాలు కాస్త కిందికి దించాడు. "గదే అనుకున్న. నువ్వు గిక్కడి పిల్ల లెక్క కనవడ్తలేవు."

ఆ మాటకు నేను పొంగిపోయాను. తలుచుకుంటే నాలా కంటే నేనే కంపు కొడుతున్నట్టు ఉంటుంది. వెనక్కి తిరిగితే పేడగంప నెత్తిన పెట్టుకుని వదిన బండ మీద నిలబడి ఉంది. మా మాటలన్నీ విని, గంప సర్దుకుని నన్ను దాటి పోయింది.

వేసవి సెలవుల్లో వంతెన కోసం అర్జీ రాశాను. అందరూ వేలిముద్రలు వేశారు, సాక్షిగా నేను సంతకం చేశాను. అన్నా నేనూ మున్సిపల్ ఆఫీసుకు పోతే, బల్ల వెనక లెక్కలకు వచ్చిన ఆ రుమాలాయనే ఉన్నాడు. నా సంతకం చూసి, నన్ను చూసి నవ్వాడు.

"నువ్వు సంతోష్‌నగర్ పిల్లవు గదా. సాక్షి అక్కడుండే మనిషే కావాలె. బయటోళ్లది నడువది."

"బయటామె ఏంది సార్? నా చెల్లె!" అన్నాడు అన్న.

"మరి నాకు అబద్ధం చెప్పిందా? లెక్కల్ల అబద్ధం చెప్తే కేసైతది."

అన్న నా వైపు చూశాడు. అక్కడున్న వాళ్లంతా నా కాళ్ల వైపే చూస్తున్నారనిపించింది. అన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దిబ్బ మీద సంతకం చేయగలిగే మనిషి ఇంకొకరు లేరు. ఆఫీసులో ఎవరినైనా బతిమాలి ఒప్పిద్దామనుకుంటుండగానే వానలు మొదలయ్యాయి.

శ్రావణంలో ఒక పొద్దున వదినకు నొప్పులు వచ్చాయి. నలుగురు మగవాళ్లు మంచం భుజానికెత్తుకుని పాయలో దిగారు. నేను బట్టల మూట పట్టుకుని వెనక నడిచాను. మధ్యలో ఒకరి కాలు జారి మంచం ఒరిగింది. వదిన ఆ నీళ్లలో పూర్తిగా మునిగి తేలింది. నోట్లో నుంచి నల్లటి నీళ్లు కక్కింది. దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు ఆ పసిది జ్వరంతో పోయింది. డాక్టరు ఏదో జబ్బు పేరు చెప్పాడు. నేను వినలేదు, నాకు తెలుసు.

వదిన నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

తరువాత నాకు పెళ్లయింది. విడ్డూరం చూడండి, సంతోష్‌నగర్‌కే పోయాను. ఎనభై ఒకటిలో ఒకసారి పుట్టింటికి వస్తే, మళ్లీ జనాభా లెక్కలు నడుస్తున్నాయి. వంతెన అప్పటికీ రాలేదు. ఈసారి వచ్చినవాడు కుర్రవాడు. చెప్పులు చేతపట్టుకుని బండలు దాటి వచ్చాడు, మా మంచం మీద కూర్చున్నాడు, ఇచ్చిన చాయ్ తాగాడు. ఇంట్లో అందరి పేర్లు రాసుకుని నా వైపు తిరిగాడు.

"మీ పేరమ్మా?"

నేను నోరు తెరిచేలోగా, పాలు పితుకుతున్న వదిన తల తిప్పకుండానే చెప్పింది.

"ఆమెను రాయకు బిడ్డా. ఆమె గీ దిబ్బ మీద ఎన్నడు లేకుండె."