శశికళ ఎంచిన పాము

అమెరికాలోని చాండ్లర్‌లో ఉండే శశికళ ఏది కొన్నా ముందు ఎక్సెల్ షీట్ వేస్తుంది. కూతురు అనిక పాము కావాలని పట్టుబడితే బోవాకొక కాలమ్, బాల్ పైథాన్‌కొక కాలమ్ వేసింది. చిన్నజాతిది, నెమ్మదైనది కాబట్టి పైథానే గెలిచింది. తీరా కొనబోతే షాపావిడ, అది ఒక్కోసారి నెలల తరబడి తిండి ముట్టదని చెప్పింది. అనిక వెనకాల పదేళ్లు అన్నం గిన్నెతో పరుగులు తీసిన శశికళ అక్కడికక్కడే షీట్ మూసేసింది.

“బోవానే తీసుకుందాం.”

“అమ్మా, షీట్‌లో పైథాన్ విన్ అయింది కదా!”

“తినని పిల్ల ఇంట్లో ఒకతి చాలు.”

శనివారం, కోడిగుడ్డునైనా గడప తొక్కనివ్వని శశికళ, పొడుగాటి పటకారుతో చచ్చిన ఎలుకను తానే అందించింది. బోవా తోకతో సహా మింగేసింది.

“చూశావా, ఎంత బుద్ధిగా తిందో!” అని మురిసిపోతూ, గుప్పెడు ఉప్పు తెచ్చి దానికి దిష్టి తీసింది.