నన్ను చెరిపేసి పాడు

మా పాట టీచరు గారు పోయారని ఆవిడ కూతురు ఫోన్ చేసేసరికి నేను ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో బయట టీ తాగుతున్నాను. ఆ ఆదివారమే జూబ్లీ హిల్స్‌లోని ఓ చిన్న హాల్లో టీచరు గారూ నేనూ కలిసి రష్యన్ పాటల కచేరీ చేయాల్సి ఉంది. టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

ఆవిడది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. చిన్న వయసులో మాస్కోలో పాట నేర్చుకుని వచ్చి, వెంగళరావు నగర్ ఇంట్లో పియానో పెట్టుకుని మాలాంటివాళ్ళ గొంతులు దిద్దారు. మే నెల ఎండల్లో కూడా భుజాన శాలువా, చేతిలో పాలు లేని టీ. శ్రుతి తప్పితే తిట్టరు, పియానో మూత వేసేస్తారు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండుననిపించేది. ఇవాళ నాకంటూ ఒక గొంతు ఉందంటే అది ఆవిడ చలవే.

నేను ట్రాక్ సింగర్‌ని. పెద్ద గాయని వచ్చేలోపు ఆమె పాడబోయే పాటను అచ్చం ఆమెలాగే పాడి పెడతాను. తర్వాత నా గొంతు చెరిపేస్తారు. ఎవరి గొంతైనా ఇట్టే పట్టేస్తానని నాకు కాస్త పొగరు కూడా. టీచరు గారికి అదే గిట్టేది కాదు.

"నీ నోట్లోంచి నేనే వినిపిస్తున్నానమ్మాయ్. నన్ను చెరిపేసి పాడు."

"మీలా పాడితే తప్పేంటండీ?"

"నేను బతికున్నన్నాళ్ళూ తప్పులేదు. తర్వాత నన్ను వెళ్ళనివ్వవూ?"

నవ్వుతూనే అన్నారు.

కచేరీకి అనుకున్న ఆ రష్యన్ పాటలన్నీ పోయిన శతాబ్దానివి. యుద్ధం, మంచు, పోలీసులు ఇంట్లోంచి పట్టుకెళ్ళిన మనుషులు తిరిగి రాకపోవడం. ఒకే కథలా వరసగా పాడాలి. సాధనలో నాకు ఏడుపొస్తే టీచరు గారు పాట ఆపేసేవారు. "ఏడుపు వినేవాళ్ళ పని. నీది పాడే పని."

"మేడమే లేకపాయె, కాన్సిల్ చేద్దామా అమ్మా?" అన్నాడు హాలు మేనేజరు. కూతురు ఒప్పుకోలేదు. "అమ్మ పాటలు కూడా నువ్వే పాడక్కా," అంది.

ఆదివారం కచేరీకి వచ్చినవాళ్ళంతా సినిమావాళ్ళే. మొదటి పాట అవగానే ఆడియో ఫంక్షన్‌లోలా చప్పట్లు కొట్టారు, ఎవరో ఈల కూడా వేశారు. మూడో పాటకు అందరూ సర్దుకుని వినడం మొదలుపెట్టారు.

ఆఖరి పాట టీచరు గారు పాడాల్సింది. యుద్ధంలో చనిపోయి మంచులో పడి ఉన్న కొడుక్కి తల్లి పాడే జోలపాట. నోరు తెరిచాను. వచ్చింది నా గొంతు కాదు. వయసు మీద పడ్డాక కింది స్వరాల దగ్గర ఆవిడకు వచ్చే చిన్న జీర, నేను ఎన్నడూ పట్టుకోలేకపోయిన జీర, అది కూడా వచ్చేసింది. పియానో వాయిస్తున్నాయన చేతులు తడబడ్డాయి. ముందు వరసలో కూతురు సగం లేచి, "అమ్మా!" అంది.

ఆ పిల్ల మొహం చూశాక ఎలా ఆపను? నాకు మాత్రం ఆవిడ అక్కర్లేదా? కానీ పాట సాగేకొద్దీ నా వెనక ఎవరో ఓపిక పట్టి నిలబడి ఉన్నట్టే ఉంది. మెడ మీద చల్లగా తగిలింది. ఇక ఆవిడను పట్టి ఉంచడం పాపమనిపించింది.

చివరి చరణం నా గొంతుతో ఎత్తుకున్నాను. సన్నగా, బెరుగ్గా ఉంది. కూతురు చూపు నా మీద లేదు. నా పక్కనుంచి మొదలై, వేదిక మెట్లు దిగుతున్న మనిషిని చూస్తున్నట్టు కిందికి దిగి, కుర్చీల మధ్య దారి వెంట మెల్లగా తలుపు దాకా వెళ్ళింది. అక్కడికి చేరాక, ఆ పిల్ల చెయ్యి కొంచెం పైకెత్తి ఊపింది.