వంతెన మీద ఆరు గుర్రాలు

మా బావ ఆ యుద్ధం ఎవరి కోసం ఓడిపోయాడు? మాస్టారి కోసమా, నా కోసమా? ఆ తర్వాత మేమిద్దరం వందసార్లు ఎదురెదురుగా కూర్చుని ఉంటాం. ఒక్కసారీ అడగలేదు. అడిగితే చెప్పే మనిషి కాదు. చెప్పినా నేను నమ్మేవాణ్ణి కాదు.

బావ కట్టుడు పళ్ళు చేసేవాడు. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు తీర్చి, ఒక్కొక్క పన్నూ వరసలో నిలబెట్టేవాడు. "మీ బావ ఊళ్ళోవాళ్ళందరి నోళ్ళూ నింపుతాడురా, ఇంట్లో మాత్రం నోరు విప్పడు" అనేది మా అక్క.

విప్పేది ఒక్కచోటే, మా ఇంటి ముందుగదిలో, తన సైన్యం మధ్య. బొటనవేలి కణుపంత సైనికులు. బూడిదరంగులో పెట్టెల్లో వచ్చేవాళ్ళు. పళ్ళకు మెరుగుపెట్టే చేతులతోనే వాళ్ళకు కోట్లూ మీసాలూ దిద్దేవాడు. మిగిలిపోయిన ప్లాస్టరు కొండలయ్యేది. వార్నిషు పోసి ఆరబెడితే ఏరయ్యేది. ఆ ఏటి మీద ఐస్‌క్రీం పుల్లలతో కట్టిన వంతెన ఒకటి. రెండు దేశాలూ ఏ పటంలోనూ లేనివి. వాటి సరిహద్దు తగాదా మాత్రం ఆరేళ్ళుగా నడుస్తోంది.

నిజానికి ఆ బల్ల మొదట వాళ్ళింట్లోనే పడింది. అక్క మూడు రోజులు చూసింది. నాలుగో రోజు ఎసరు పొయ్యి మీద పెట్టి వచ్చి, "ఇద్దరికే చోటు చాలక ఒకళ్ళనొకళ్ళం తోసుకు తిరుగుతున్నాం, మూడొందల మందిని దింపావా? వీళ్ళందరికీ వండాలా నేను?" అంది. ఆ సాయంత్రమే సైన్యం మా ఇంటికి తరలివచ్చింది. నాది ఒంటి బతుకు, అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరైనవాణ్ణి, ముందుగదిలో పుస్తకాలు తప్ప ఏమీ లేవు. "నువ్వు చదువుకో, మేం కొట్టుకుంటాం. ఎవరి పని వాళ్ళది" అన్నాడు బావ. నాకు 'అచ్చుతప్పు' అని పేరు పెట్టింది కూడా ఆయనే.

అవతలి సైన్యాధిపతి మాస్టారు. ఎక్కడో దూరాన ఉండే రిటైరైన లెక్కల మాస్టారు. ఇంటర్నెట్లో ఇలాంటి ఆటల పిచ్చివాళ్ళు చేరే చోట బావకు దొరికాడు. ఇద్దరూ మనిషిని మనిషి చూసుకోలేదు. ప్రతి ఆదివారం పొద్దున కంప్యూటరు తెరిచి, కెమెరాను బల్ల మీదికి వంచేవాడు బావ. మాస్టారు తన దళాలు ఎటు కదలాలో చెబితే, ఇక్కడ టేపుతో కొలిచి బావే జరిపేవాడు. కాలిబంటుకు ఆరంగుళాలు, గుర్రానికి పన్నెండు. పాచికలు మాత్రం ఇద్దరికీ కనబడేలా కంప్యూటరే వేసేది.

మొదటి ఏడు ఒక ఫిరంగి దగ్గర ఇద్దరికీ చెడింది. కాగితం మీద రాసుకున్నది ఒకచోటు, బల్ల మీద ఉన్నది ఇంకోచోటు. రెండు వారాలు మాటల్లేవు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు: బల్ల మీద ఉన్నదే నిజం. అయినా బావ జాగ్రత్తపరుడు. వెళ్ళేముందు ఫోనుతో ఒక ఫోటో తీసుకునేవాడు. గుమ్మం దగ్గర "వస్తానోయ్ అచ్చుతప్పూ, తలుపేసుకో" అని కేకేసేవాడు. ఒక్కరోజూ తప్పలేదు.

ఆరో ఏట మాస్టారికి చూపు తగ్గడం మొదలైంది. కంటి నరం ఎండిపోతోందట, వైద్యం లేదట. చివరికి పసుపురంగు ఒక్కటే తేటగా ఆనుతోందన్నాడు. మర్నాటి నుంచి బావ మాస్టారి సైనికులు నూటనలభై మందికీ ఎర్రకోట్లు తీసి పసుపుకోట్లు వేయడం మొదలెట్టాడు. నాలుగు నెలలు పట్టింది. పళ్ళ పని నుంచి నేరుగా వచ్చి, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునేవాడు.

"ఏం బావా, ఈ సైనికులందరికీ కామెర్లా?" అన్నాను ఒకరోజు.

"నవ్వు, నవ్వు. వాళ్ళు ఆయనకు కనబడాలి. కనబడని సైన్యంతో ఏం యుద్ధం?"

"ఆరేళ్ళలో ఆయన ఒక్కసారీ గెలవలేదు కదా. ఈసారికి వదిలెయ్యరాదూ?"

బ్రష్షు ఆగింది. "తప్పోయ్. జాలిపడి ఇచ్చే గెలుపు చెంపదెబ్బకన్నా హీనం. చూపు పోయేలోగా ఒక్కసారైనా నిన్ను ఓడించాలయ్యా అంటాడాయన. ఓడించమను. నేను మాత్రం ఓడిపోను."

ఆఖరి పోరు వంతెన దగ్గర తేలాల్సి ఉంది. ఆ బుధవారం మధ్యాహ్నం నేను పుస్తకం తీసుకుని, వెలుతురు చాలక బల్ల మీది దీపాన్ని ఇటు లాక్కున్నాను. వైరు తగిలి బావ తాలూకు ఆరు నల్లగుర్రాలు ఏట్లో పడ్డాయి. ఒక్కొక్కటే తీసి చూశాను. ఒక్కటీ విరగలేదు. తుడిచి, కొండ పక్కన ఇవతలి గట్టు మీద వరసగా నిలబెట్టాను. అక్కడే ఉండేవని నా నమ్మకం. జీవితమంతా పరాయివాళ్ళ రాతలో ఒక్క సున్నా జారినా పట్టుకున్నవాణ్ణి, నా జ్ఞాపకాన్ని మాత్రం దిద్దిచూసుకోలేదు.

సాయంత్రం బావ వచ్చి బల్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"గదిలోకి ఎవరన్నా వచ్చారా?"

"ఎవరొస్తారు బావా? పిల్లి కూడా రాదు."

ఉన్నచోటే పెట్టాను కదా, చెప్పడం దేనికనుకున్నాను. ఆయన "ఊఁ" అని, జేబులోంచి ఫోను తీసి చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం నేను కిటికీ దగ్గర చదువుకుంటున్నాను. కంప్యూటర్లోంచి మాస్టారి గొంతు వస్తోంది.

"నా మొదటి దళం వంతెన ఎక్కాలయ్యా. అక్కడ నీవాళ్ళెవరైనా ఉన్నారా?"

నేను తలెత్తాను. బావ వంతెనకేసి చూస్తున్నాడు.

"ఎవరూ లేరు మాస్టారూ."

"అదేంటి? పోయినవారం నల్లగా ఏదో ఆనిందే వంతెన మీద?" గొంతు తగ్గింది. "అంటే ఉన్నవాటిని పోగొట్టడమే కాదు, లేనివాటిని కూడా చూపిస్తున్నాయన్నమాట నా కళ్ళు."

"మీ కళ్ళకేం కాలేదు" అన్నాడు బావ గబగబా. "వంతెన మీద గుర్రాలుండేవి. మీరు చూసింది నిజం. ఆఖరి వంతులో నేనే వెనక్కి లాగాను. బెదిరాను మాస్టారూ."

"బెదిరావా? నువ్వా?"

"బల్ల మీద ఉన్నదే నిజం కదా. ఎక్కండి వంతెన."

పేజీ మీద అక్షరాలు నాకు అలుక్కుపోయాయి. బావ నా వైపు చూడలేదు. టేపు తీసి, పసుపుకోట్లను ఆరంగుళాలు కొలిచి వంతెన మీదికి ఎక్కించాడు. ఆ తర్వాత ఆవగింజంత కూడా తగ్గలేదు. గుర్రాలను ఉరికించాడు, టేపు వేస్తే రెండు వేళ్ళ మేర అందలేదు. ఫిరంగులు పేల్చాడు, పాచికలు కలిసిరాలేదు. చెమటలు పట్టేలా పోరాడాడు. మధ్యాహ్నానికి యుద్ధం ముగిసింది.

"దొరికావయ్యా పళ్ళ డాక్టరూ! ఆరేళ్ళకు దొరికావు!" చిన్నపిల్లాడిలా అరిచాడు మాస్టారు. "ఏమేవ్, ఇలా రా! గెలిచానే!" అని ఇంట్లోకి కేకేశాడు. వాళ్ళావిడ "చొక్కా తిరగేసి తొడుక్కున్నారు, ముందది చూసుకోండి" అనడం ఇక్కడికి వినబడింది.

"డాక్టర్ని కాదు మాస్టారూ, పళ్ళ మేస్త్రీని" అన్నాడు బావ, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. "బాగా కొట్టారు. నిజంగా బాగా కొట్టారు."

కంప్యూటరు మూశాక గదిలో ఇద్దరమే. బావ టేపు చుడుతున్నాడు. ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. దీపం, వైరు, పిల్లి కూడా రాదన్న మాట, అన్నీ.

"టీ పెట్టుకొస్తా బావా. ఉండు, నీతో ఒక మాట చెప్పాలి."

"ఊఁ" అన్నాడు.

వంటింట్లో టీ చల్లారితే రెండుసార్లు మళ్ళీ వేడిచేస్తూ, ఆ మాటను నాలుగు రకాలుగా కూర్చుకున్నాను. ఒక్కటీ కుదరలేదు. ఏదో ఒకటి అనేద్దామని రెండు గ్లాసులూ పట్టుకుని వచ్చాను.

గదిలో ఎవరూ లేరు. సైనికులంతా దూది చుట్టుకుని పళ్ళసెట్ల డబ్బాల్లో పడుకున్నారు. ఏరు తుడిచి ఉంది. బల్ల మీద మిగిలినవి వంతెనా, దాని మీద అవతలి గట్టుకేసి నిలబడ్డ ఆరు నల్లగుర్రాలూ.

తలుపు దగ్గరికి వేసి ఉంది. "వస్తానోయ్" అన్న కేక నేను వినలేదు. సందు చివర ఆయన స్కూటరు మలుపు తిరుగుతున్న చప్పుడు మాత్రం వినబడింది.