రెండో పట్టా

నా చిన్నప్పుడు ఒకసారి మా ఇంట్లో చింతపండు పోయింది. ఆ దొంగ దొరకబట్టే మేం ఈ ఊళ్లో మిగిలాం. దొంగ మరెవరో కాదు, మా తాతయ్యే.

మేం ఖరగ్‌పూర్‌లో నిమ్‌పురా రైల్వే యార్డు పక్కన రేకుల గదిలో ఉండేవాళ్లం. తాతయ్య యార్డులో బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. నాన్నది మాత్రం గూడ్స్ షెడ్డులో రోజుకూలీ. వేగన్ వస్తే బస్తాలు దింపాలి, రాకపోతే ఇంటికి రావాలి.

ఆ ఏడు వేగన్లు రావడం తగ్గిపోయింది. ఫ్యాక్టరీలకు పని లేదట, సరుకు కదలడం లేదట. ఆ మాటలు పెద్దవాళ్లవి. నాకు తెలిసిందల్లా, పొద్దున్నే వెళ్లిన నాన్న గంటలో తిరిగొచ్చి గడపలో కూర్చోవడం. షెడ్డులో కూలీల సర్దారు "ఆజ్ కుఛ్ నహీ", ఈరోజు ఏమీ లేదు పొమ్మని చెయ్యి ఊపేసేవాడట.

శ్రీకాకుళం వైపు మా అమ్మ వాళ్ల ఊళ్లో ఎవరి పొలంలోనో పాలేరు పని ఉందని కబురొచ్చింది. వెళ్లిపోదామన్నాడు నాన్న. వెళితే షెడ్డులో పేరు కొట్టేస్తారు. ఒకసారి కొట్టేస్తే మళ్లీ ఎక్కించరు. అది తెలిసీ అమ్మ మూటలు కట్టడం మొదలుపెట్టింది. తాతయ్యకు మాత్రం అది మింగుడు పడలేదు.

"ఇలాటి రోజులు నాను సూసినానురా. సరుకెక్కడికి పోద్ది? మళ్లీ వస్తాది. ఓర్సుకో."

"ఏటి సూసి ఓర్సుకోమంటావయ్యా?"

"పట్టా సూడు. బండి నడిసిన పట్టా వెండిలాగుంటాది, నడవంది తుప్పెక్కుతాది. షెడ్డు లైను మెరిసిన్నాడు నీకు పనుంటాది."

నాన్న విసుగ్గానే శనివారం దాకా ఆగుతానన్నాడు. ఆదివారం రైలెక్కేయాలి.

రోజూ పొద్దున్నే వెళ్లి ఆ లైను చూసి రావడం నా వంతు. పట్టాలు ఇటుక రంగులో ఉండేవి. వచ్చి "తుప్పే" అనేదాన్ని. తాతయ్య నా వైపు చూడకుండా మీసం దువ్వుకునేవాడు.

శుక్రవారం సాయంత్రం అమ్మ చారు పెట్టబోతే డబ్బాలో చింతపండు లేదు. "ఓలమ్మీ, అంతా మింగేసినావేటి?" అని నా వీపు మీద ఒకటి వేసింది. నేను గుక్కపెట్టి ఏడుస్తుంటే తాతయ్య నోరు విప్పలేదు. ఆ దెబ్బకి నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే.

శనివారం పొద్దున్న వెళ్లేసరికి పట్టా తళతళలాడుతోంది! నేను అరుచుకుంటూ ఇంటికి పరుగెత్తాను. నాన్న చొక్కా కూడా వేసుకోకుండా నా వెంట వచ్చాడు. వచ్చి, అలాగే నిలబడిపోయాడు. మెరుపు బారెడు మేరే ఉంది. దానికి అటూ ఇటూ తుప్పే. కంకర మీద ఇటుకపొడి, పిసికేసిన చింతపండు పిప్పి. ఎదురుగా రెండో పట్టా మొత్తం ఎర్రగానే ఉంది.

అప్పటికి తాతయ్య కర్ర పట్టుకుని మా వెనకే వచ్చాడు. ఆయన పంచె మోకాళ్ల దగ్గర ఎర్రగా మరకలు.

"అయ్యా, వేగనొచ్చి ఒంటికాలి మీద గెంతుకుంటా ఎల్లిపోనాదేటి?" అన్నాడు నాన్న.

తాతయ్య నేల చూపులు చూశాడు. "రెండో దానికి సింతపండు సాల్లేదురా."

నాన్న నవ్వడం ఎన్ని రోజులకో చూశాను. నవ్వి నవ్వి ఆ కంకర మీదే కూలబడి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నాడో! పీట మీద కూర్చుని లేవడానికే ఇద్దరి సాయం కావాల్సిన తాతయ్య, కంకర మీద మోకాళ్లూని మా అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు ఇనుము తోమాడు.

ఇంటికొచ్చి నాన్న అమ్మతో, "మూటలిప్పు" అన్నాడు.

"పనొచ్చిందేటి?"

"నేదు. అయినా ఉందాం."

మామగారిని ఏమీ అనలేక అమ్మ ఆ రోజంతా గిన్నెలు చప్పుడు చేస్తూ తోమింది. నా చేతిలో మాత్రం ఒక బెల్లం ముక్క పెట్టింది.

అప్పటి నుంచి నాన్న పొద్దున్నే షెడ్డులో ముఖం చూపించి, అటు నుంచి గోల్‌బజార్ వెళ్లి తెలుగువాళ్ల కిరాణా కొట్టులో బస్తాలు మోసేవాడు. మాకు చాలీచాలని తిండే. పట్టాలు చూసిరావడం మాత్రం నేను మానలేదు. వానలు వెళ్లి చలి మొదలైన ఒక పొద్దున్న చూద్దును కదా, కంటికి ఆనినంత మేరా మెరుస్తోంది. పరుగెత్తుకొచ్చి చెప్పాను.

నాన్న కంచం ముందు నుంచి తలెత్తి, "ఒకటా, రెండా?" అన్నాడు.

"రెండూ నానా!"

"నాను ముట్టుకోనేదురోయ్!" అని మంచం మీద నుంచి తాతయ్య కేకేశాడు.

మా ఆయన పోయాక, ఇద్దరు పిల్లలతో నేనూ అలాంటి రోజులు గడిపాను. ఎవరు మంచి కబురు తెచ్చినా రెండో పట్టా సంగతి అడగడం నాకు అలవాటైపోయింది. ఒక్కటే మెరిసిందని తేలినా దిగులుపడను. నాకోసం ఎవరో మోకాళ్లూని తోమి ఉంటారు. అది చాలు, ఆ పూటకు మూటలు విప్పుకోవడానికి.