అత్తమ్మ తుక్కుకియ్యని కారు

నిన్న నిజామాబాద్‌లో కొత్త కారు చూపిస్తూ షోరూం ఆయన, "గేర్లుండవు సార్, క్లచ్చుండదు, ఊకె కూర్చుంటే చాలు" అన్నాడు. ఊరికే కూర్చోవడం అనగానే నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఆమెకు జన్మలో చేతకాని పని అదొక్కటే. బోధన్ దగ్గర చెరకు పండించేది, ట్రాక్టరు తనే నడిపేది. అరవై దాటాక, హైదరాబాద్‌లో ఎవరో అమ్ముతున్నారని తెలిసి, రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చింది. ఎర్రటి కారు. ఎంత కిందికి ఉండేదంటే, అందులో కూర్చుంటే పీట మీద కూర్చున్నట్టే. ఊరంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా బాపు. అయినా చెల్లెలి మీద ప్రేమ కొద్దీ, చేను బురదతో కారు పాడవుతుందని పసుపు గోనెసంచిని నాలుగు మడతలేసి ఆమె కాళ్ల కింద పరిచాడు.

వారం తిరగకముందే గేరు మొరాయించింది. బలమంతా పెట్టి నెట్టినా పడదు, పడితే కర్రుమని అరుస్తుంది. మెకానిక్ వచ్చి గేర్‌బాక్సు విప్పాలని, సామాన్లు దొరకవని, అమ్ముకోవడమే మేలని చెప్పాడు. బాపుకు కావలసిందీ అదే. మర్నాటికి తుక్కు కొనేవాణ్ని రమ్మన్నాడు. నేనూ బాపు పక్షమే మాట్లాడాను. ఆ సిగ్గు నాకింకా ఉంది.

తుక్కు వ్యాను వాకిట్లోకి వచ్చేసరికి అత్తమ్మ కారులో ఉంది. ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూసింది, తేలిగ్గా పడ్డాయి. స్టార్టు చేసి వేసింది, పడలేదు. మళ్లీ ఆపింది.

"ఈ వయసుల ఏం షోకే చెల్లె, దిగు" అన్నాడు బాపు.

"షోకు నాది, కారు నాది. తుక్కుకియ్యను" అంది తలెత్తకుండానే. "ఇంజిన్ బందుంటే గేరు పడ్తుంది, స్టార్టయితే పడ్తలేదు. గేరుకేం కాలేదన్న. క్లచ్చే పూర దిగుతలేదు."

వంగి పెడలు కిందికి చెయ్యి పోనిచ్చి గోనెసంచిని బయటికి లాగింది. ఆ మందానికి పెడలు సగంలోనే ఆగిపోతోంది. మెకానిక్ కూడా దాని మీదే కాళ్లు పెట్టుకుని తీర్పు చెప్పి వెళ్లాడు. సంచిని బాపు చేతికిచ్చి, క్లచ్చు అడుగుదాకా తొక్కి గేరు వేసింది. చప్పుడు లేదు. తుక్కు వ్యాను పక్కనుంచే కారు బోధన్ రోడ్డెక్కింది. బాపు సంచిని చంకన పెట్టుకుని తుక్కువాణ్ని పంపించేశాడు.

ఆ తర్వాత ఏడేళ్లు, కన్నుమూసేదాకా, ఆ కారు నడిపింది. వయసు ఆమెను అడిగి రాలేదు, ఆమె కూడా వయసును అడిగి ఏ పనీ చేయలేదు. నేనే యాభై దాటినప్పటి నుంచి ప్రతిదానికీ దాని అనుమతి అడుగుతూ వచ్చాను, ఇక అడగను.