అత్త దాచని మాట

నా ఎడమ మణికట్టు దగ్గర, డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్ అయి నెల దాటింది. డయాలసిస్ ఇంకా మొదలు కాలేదు, ఎప్పుడైనా కావచ్చు. రోజూ లేవగానే అక్కడ రెండు వేళ్లు ఆనించి చూసుకోమన్నాడు డాక్టరు. రక్తం వేగంగా పారుతుంటే చర్మం కింద సన్నగా అదురుతుంది. మొదటిరోజు ఆ అదురు తగలగానే నాకది కొత్తగా అనిపించలేదు. నా పద్దెనిమిదో ఏట, కొలతలు తీయడం నేర్పుతూ మా నూకరత్నం అత్త తన చేతికే టేపు చుట్టమంది. నా వేళ్ల కింద ఆమె మణికట్టు గుర్రుమంది. ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకున్నాను. "భయమేటే? ఇంకా బతికున్నానని సెప్తంది, అంతే" అంది అత్త.

అత్త మా నాన్నకు చెల్లెలు. అనకాపల్లి గవరపాలెంలో ఇంటి ముందుగదిలో జాకెట్లు కుట్టేది. వారానికి రెండుసార్లు విశాఖ వెళ్లి డయాలసిస్ చేయించుకుని, మర్నాడు మళ్లీ మిషను ముందు కూర్చునేది. నాయనమ్మకు, నాన్నకు, అత్తకు ఒకటే జబ్బు. కిడ్నీల్లో నీటి బుడగలు పుట్టి, ఏళ్ల తరబడి పెరిగి, చివరికి వాటిని పనిచేయనివ్వవు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు రావడానికీ రాకపోవడానికీ సగం సగం అవకాశం. నేను ఇంటర్లో ఉండగా నాన్న పోయాడు. చివరి నెలల్లో ఆయన మంచం పక్కన కూర్చుని, ఉబ్బిన పాదాలు ఒళ్లో పెట్టుకుని ఒత్తడం నా పని. ఆ తర్వాత అత్తే నన్ను స్కానింగుకు తీసుకెళ్లింది. నాకూ బుడగలు కనిపించాయి. దారిలో ఏడుస్తుంటే ఓదార్చలేదు. "రేపట్నించి కొట్టుకి రా. పని నేర్చుకుందువు గాని" అంది.

పనిలో ఆమెది ఒకటే పట్టు. ఒకసారి ఒకావిడ మోచేతి దాకా చేతులు కావాలంటే, గుడ్డ చాలదని తెలిసీ నేను తలూపాను. ఆవిడ వెళ్లబోతుంటే అత్త వెనక్కి పిలిచింది. "ఈ గుడ్డకి పొట్టి సేతులే వత్తాయమ్మా. ఇష్టమైతేనే ఇవ్వండి." ఆవిడ గుడ్డ తీసుకుని వెళ్లిపోయింది. అత్త నా వైపు తిరిగింది. "కత్తిరించేక సెప్పేవనుకో, అది సెప్పడం కాదు."

నక్కపల్లి నుంచి నాకు సంబంధం వచ్చినప్పుడు, జబ్బు సంగతి పెళ్లయ్యాక చూసుకోవచ్చని మా అమ్మ అంది. అత్త ఒప్పుకోలేదు. పెళ్లిచూపుల్లో కాఫీ గ్లాసులు దించకముందే చెప్పేసింది. వాళ్లు మళ్లీ రాలేదు. అమ్మ ఏడాది పాటు అత్త గడప తొక్కలేదు. నాకూ కోపమే వచ్చింది. ఆ తర్వాత ఎలమంచిలి నుంచి శ్రీను వచ్చాడు, బస్సు మెకానిక్కు. అంతా విని, "ఇప్పుడైతే బాగానే ఉన్నారు కదండీ" అన్నాడు. పెళ్లయింది.

మూడేళ్లకు శ్రీను వాళ్లమ్మ, మా అత్తగారు, మనవడి గురించి అడగడం మొదలుపెట్టింది. శ్రీను నీ ఇష్టమన్నాడు. ఆ మాట నాకు మరీ బరువైంది. ఒక మధ్యాహ్నం అత్త దగ్గరికి వెళ్లాను. ఆమె కూతురు లావణ్య జాకెట్లకు హుక్కులు కుడుతోంది. అప్పటికి దానికి పంతొమ్మిదేళ్లు, బుడగలు దానికీ వచ్చాయి.

"ఏటి సెయ్యమంటావత్తా?" అని అడిగాను.

"నన్నెందుకు అడగడం? దాన్నడుగు. కనీసింది నేను, పడతన్నది అది."

లావణ్య సూది ఆపింది. "కొన్ని రోజులు, పుట్టకుండా ఉంటే బాగుణ్ననిపిస్తాది వదినా. కొన్ని రోజులు ఏటీ అనిపించదు. ఏ రోజు సంగతి సెప్పమంటావు?"

అప్పుడు నేను అడగకూడనిది అడిగాను. "నీకు ముందే తెలుసు కదత్తా. మరెందుకు కన్నావు?"

అత్త కూతురి వైపు చూసే చెప్పింది. "నాకోసం కన్నానే. నాకో పిల్ల కావాలనిపించింది. దానికి రాదులే అనుకున్నాను. దీని మంచికే కన్నానంటే అబద్ధం." లావణ్య తల దించుకుని మళ్లీ హుక్కు కుట్టింది. కాసేపటికి లేచి తల్లికి మాత్రలు, గుక్కెడు నీళ్లు తెచ్చి ఇచ్చింది.

మేము పిల్లలు వద్దనుకున్నాం. మా అత్తగారు చాలాకాలం నాతో ముభావంగానే ఉంది. శ్రీను ఏమీ అనలేదు గానీ, ఎవరి బారసాలకు పిలిచినా ఏదో పని ఉందనేవాడు. ఆ మరుసటేడు వానాకాలంలో అత్త పోయింది. లావణ్యకు పెళ్లయి, కిందటేడు కొడుకు పుట్టాడు. అన్నీ తెలిసే కన్నది. వాడిని నా ఒళ్లో పడుకోబెట్టి, "నన్ను తప్పు పడతావా వదినా?" అంది. లేదన్నాను. నిజంగానే లేదు. వాడు నా వేలు పట్టుకుంటే మాత్రం చాలాసేపు విడిపించుకోలేకపోయాను.

బిడ్డకు ఈ బాధ వద్దని మంచి పని చేశావు తల్లీ, అంటారు కొందరు. ఒకప్పుడైతే ఆ మెప్పు తీసుకునేదాన్నే. ఆ మధ్యాహ్నం అత్త మాట విన్నాక తీసుకోలేకపోతున్నాను. పుట్టని బిడ్డ ఏమనుకునేదో నాకు తెలియదు. నాన్న పాదాలు ఒత్తిన చేతులతో మళ్లీ మరొకరి పాదాలు, నా బిడ్డవి, ఒత్తలేననిపించింది. అత్త తనకోసం కన్నది. నేను కనకపోయిందీ నాకోసమే.