తలుపు తాళంలో వేసిన సెల్లులు

“పిల్లని లోపల పెట్టి నువ్వు బయటికెలా వచ్చావు వదినా?”

అడిగింది తమ్ముడి పెళ్లాం, ఆసుపత్రిలో నర్సు. అడిగించుకున్నది ఆ ఇంటి ఆడపడుచు. అప్పుడావిడ ఇంటి కింది కొట్టువాడి ఫోను చెవికి అదుముకుని, ఒక కాలికి చెప్పు లేకుండా, వానలో తడిసి నిలబడి ఉంది. మరదలి గొంతులో తిట్టు లేదు. తిట్టినా బాగుండును, ఏడ్చయినా గట్టెక్కొచ్చు. రోగిని మోసుకొచ్చినవాళ్లను అడిగే గొంతుతో అడిగింది. ఆ గొంతుకు జవాబు చెప్పి తీరాలి.

ఆవిడ దగ్గర ఉన్నదల్లా ఒక పిచ్చి నమ్మకం, అది ఆవిడ చేసే పనిలోంచి వచ్చింది. కాబట్టి ముందు పని సంగతి.

ఊళ్లోకెల్లా పెద్ద సభాభవనంలో ఆవిడ మైకుల మనిషి. అందరూ బ్యాటరీ అక్క అంటారు. వేదికెక్కేవాళ్ల కాలరుకు మిరపకాయంత మైకు తగిలించి, దాని డబ్బాను నడుముకు బిగించి, అందులో పెన్సిల్ సెల్లులు వేసి పంపుతుంది. ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది చూసేవాళ్లకు. నిజానికి అక్కడ జీతం ఇచ్చేది భయపడినందుకు. చేరిన కొత్తలో ఒక పెద్దాయన మైకు ముందు నిలబడి, “జీవితంలో నేను తెలుసుకున్న ఒకే ఒక్క సత్యం” అన్నాడు. అక్కడితో సెల్లు చచ్చింది. పెదాలు ఆడుతున్నాయి, మాట లేదు. ఆ సత్యం ఏమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, తెలియక ఎవరికీ నష్టమూ లేదు. కాని హాలు హాలంతా ఘొల్లుమంది. సౌండ్ మాస్టరు పై గదిలోంచి దిగి వచ్చి అందరి ముందూ అడిగాడు:

“చచ్చింది సెల్లా, నువ్వా?”

అప్పటినుంచి ఏ సెల్లు చేతికొచ్చినా ఆవిడ ముందు బల్ల మీద జారవిడుస్తుంది. జానెడు ఎత్తు నుంచి, నిలువుగా. నిండు సెల్లు కడుపునిండా తిన్న మనిషిలా ధబ్‌మని కూలబడుతుంది. అయిపోయినది టింగుమని ఎగిరి పక్కకు పడుతుంది. ఇందులో మాయా మంత్రం ఏమీ లేదు. మామూలు సెల్లులో మెత్తటి ముద్ద ఉంటుంది, వాడేకొద్దీ అది గట్టిపడుతుంది, గట్టిపడినది ఎగురుతుంది. ఆవిడకు ముందు ఆ పని చేసిన ముసలాయన నేర్పిన విద్య. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దెబ్బతియ్యలేదు.

ప్రతి సభకూ కొత్త సెల్లులు వెయ్యాలి. సభ ముగిశాక తీసేసిన వాటిలో సగం ప్రాణం మిగిలే ఉంటుంది. అవన్నీ ఆవిడ సంచిలో ఇంటికొచ్చేవి. గోడ గడియారం, టీవీ రిమోటు, టార్చి, తమ్ముడి కూతురు బుజ్జిదాని కుయ్‌కుయ్ బాతు, అన్నీ సభాభవనం ఎంగిలి మీదే బతికాయి. తర్వాత భవనానికి కొత్త మేనేజరు వచ్చాడు. ఆయనకు భూమి మీద ప్రేమ పుట్టింది. గోడల నిండా ఆకుపచ్చ పోస్టర్లు వెలిశాయి. పారేసే సెల్లులు ఆగిపోయి చార్జింగ్ పెట్టుకునేవి వచ్చాయి. మంచి పనే. పోస్టర్లు లేకపోయినా అంతే మంచి పని అయ్యేది. ఆయన భూమిని రక్షించాడు, ఈవిడ ఇంటికి సరఫరా తెగిపోయింది.

కొట్టుకెళ్లి పారేసే సెల్లులు కొనడానికి ఆవిడకు మనసొప్పలేదు. ఇన్నాళ్లూ ఉత్తపుణ్యానికి వచ్చినవాటికి డబ్బు పోయడమా! జీతంలోంచి తీసి ఒక చార్జరూ, దండిగా చార్జింగ్ సెల్లులూ కొంది. కొన్న వారం రోజులూ ఇంట్లో ఇంకో మాట లేదు. ఏది ఆగిపోయినా మూత తీసి, సెల్లులు లాగి, చార్జరులో పెట్టి, దాని ముందు కూర్చునేది.

“అక్కా, నువ్వు పెళ్లి చేసుకోకపోవడమే మేలైంది” అన్నాడు తమ్ముడు. “మొగుడు కాస్త నీరసంగా కనిపిస్తే ప్లగ్గులో పెట్టేదానివి.”

“నిన్ను పెట్టినా ఎక్కదురా, నీది లోపలే లూజు” అంది ఆవిడ.

చార్జరు ఒక్కటే, సెల్లులు చాలా. నిండినవీ, ఎండినవీ సొరుగులో కలిసిపోయేవి. కలిస్తే మాత్రం ఏం, బల్ల ఉంది, చెయ్యి ఉంది. జారవిడిచేది. ధబ్‌మంటే నిండుది. విచిత్రం, అన్నీ ధబ్‌మనేవి. గట్టి సరుకు అని మురిసిపోయింది. చార్జింగ్ సెల్లు కడుపునిండా ఉన్నా, ఖాళీ కడుపుతో ఉన్నా ఒకేలా పడుతుందని ఆవిడకెవరూ చెప్పలేదు. ధబ్‌మన్న సెల్లు వేశాక కూడా రిమోటు పని చెయ్యనప్పుడే అర్థం కావాల్సింది. రిమోటు పాడైందనుకుంది. తనకొచ్చిన విద్యను అనుమానించడం కంటే ఎదుటి వస్తువును అనుమానించడం ఎవరికైనా సుఖమే.

ఇక తాళం. తమ్ముడు బస్సు డ్రైవరు, తాళంచెవులు పారేసుకోవడంలో అందెవేసిన చెయ్యి. అందుకని తలుపుకు అంకెల తాళం పెట్టించాడు. తలుపు మూస్తే దానంతటదే పడుతుంది, బయటినుంచి అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. లోపలి వైపు సెల్లుల గూడు, గూటి మూత మీద ఒక చీటీ. బిగించడానికి వచ్చినతని ముందే మరదలు ఆ చీటీ పైకి చదివింది.

“చార్జింగ్ సెల్లులు వెయ్యకూడదంట వదినా.”

“ఎందుకనడూ? వాడి సెల్లులు అమ్ముడుపోవద్దూ!” అంది ఆవిడ, బిగించే మనిషి వైపు తిరిగి. “ఏమయ్యా, కమీషనెంత నీకు?”

కంపెనీవాళ్లను అనుమానించడం చాలావరకు మంచి అలవాటే. ఆ చీటీ మాత్రం నిజం చెప్పింది. మామూలు సెల్లు మెల్లమెల్లగా నీరసిస్తుంది. తాళం ఆ నీరసం పసిగట్టి చాలా ముందే కుయ్యోమంటుంది. చార్జింగ్ సెల్లు ఆఖరి క్షణం దాకా నిటారుగా నిలబడి, ఉన్నట్టుండి కుప్పకూలుతుంది. హెచ్చరించే వ్యవధి తాళానికి దొరకదు. మొదట వేసిన మామూలు సెల్లులు నీరసించి తాళం కూయడం మొదలుపెట్టగానే, ఆవిడ సొరుగులోంచి నాలుగు తీసి, బల్ల మీద జారవిడిచి, ధబ్‌మన్నాయని తృప్తిపడి వేసేసింది.

అది ముసురు పట్టిన మధ్యాహ్నం. మరదలు డ్యూటీలో ఉంది. తమ్ముడు బస్సు మీద ఎక్కడో దూరాన ఉన్నాడు. భవనంలో సభ లేదు, కాబట్టి రెండేళ్ల బుజ్జిది అత్త పాలబడింది. జల్లు కొడుతోందని కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పొయ్యి మీద పాలు పెట్టి, బయట వరండా కమ్మీ మీద పిల్ల బట్టలు తడిసిపోతున్నాయని గుర్తొచ్చి, ఒక్క అడుగు బయటికి వేసింది. ఒకే ఒక్క అడుగు. చెయ్యి బట్టల మీద పడేలోపు వెనకాల గాలికి తలుపు మూసుకుంది. తాళం పడింది.

ముందు చిరాకు వచ్చింది, భయం రాలేదు. అంకెలు నొక్కింది. నీలం వెలుగు రాలేదు. మళ్లీ నొక్కింది. అరచేత్తో కొట్టింది. అంకెల పలక రాయిలా ఉంది.

“అత్తా!” అంది బుజ్జిది లోపలినుంచి, కిలకిలా నవ్వుతూ. దాగుడుమూతలనుకుంది. చిన్న అరచేతులు తలుపు అడుగున తపతప తట్టాయి.

అప్పుడు పాలు గుర్తొచ్చాయి.

పాలు పొంగుతాయి. పొంగి మంట మీద పడతాయి. మంట ఆరిపోతుంది, గ్యాసు ఆగదు. కిటికీలు మూసి ఉన్నాయి. ఈ నాలుగు మాటలూ ఆవిడ తలలో ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపును భుజంతో గుద్దింది. దొంగలు విరగ్గొట్టలేని తలుపని తమ్ముడు ఊరంతా చెప్పుకున్న తలుపు అది. ఎదుటింటికి తాళం వేసి ఉంది. కేక వేస్తే వాన మింగేసింది. ఫోను లోపల, మంచం మీద.

తలుపు సందులోంచి చెప్పింది: “బుజ్జీ, బంగారూ, వంటింట్లోకి వెళ్లకమ్మా, వెళ్లకూ!”

చెప్పాక నాలుక కరుచుకుంది. వెళ్లకు అంటే ఆ వయసు పిల్లకు దారి చూపించినట్టే. తలుపు తట్టడం ఆగిపోయింది. చిన్న పాదాలు ఎటో పరిగెత్తాయి. “బుజ్జీ” అని పిలిచింది. పలుకు లేదు.

ఆ తలుపు వదిలి మెట్లు దిగడం ఆవిడ జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ కష్టమైన పని. ఉంటే లాభం లేదు, వెళ్తే లోపల ఏమవుతుందో వినబడదు. ప్రతి మెట్టు దగ్గరా వెనక్కి పోదామనిపించింది. ఒక చెప్పు ఎక్కడ జారిందో తెలియదు. కొట్టువాడు ఎవరికో సరుకు తూస్తున్నాడు. గల్లాపెట్టె మీదున్న అతని ఫోను లాక్కుని, గుర్తున్న ఒక్క నంబరూ నొక్కి, పిల్ల లోపలుండిపోయిందని చెప్పింది. అప్పుడే మరదలు ఆ ప్రశ్న అడిగింది.

“తలుపు మూసుకుపోయిందమ్మా. తాళం చచ్చింది. పొయ్యి మీద పాలున్నాయి.”

అవతలినుంచి మాట వచ్చింది, ఒక్కొక్క ముక్కా విడదీసి.

“తాళం అడుగున రెండు ఇత్తడి చుక్కలుంటాయి. తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ కొను. దాని రెండు మొనలూ ఆ చుక్కలకి ఆనించి పట్టుకో. వదలకుండా అంకెలు నొక్కు. నేను బయల్దేరుతున్నా.”

“నాకెవరూ చెప్పలేదే!”

“బిగించినతను చెప్పాడు వదినా. నువ్వప్పుడు కమీషన్ గురించి పోట్లాడుతున్నావు.”

ఫోను పడేసి, “చదరపు బ్యాటరీ! చదరపుది ఇయ్యి!” అంది.

కొట్టువాడు చెడ్డవాడేమీ కాడు. ఎదుట ఇల్లు కాలుతున్నా బేరం నోటికి అలవాటుగా వచ్చేస్తుంది, అంతే. “చార్జింగ్‌దా అక్కా, మామూలుదా? చార్జింగ్‌ది రేటెక్కువే గాని, ముందు రాత్రంతా ప్లగ్గులో పెట్టి...”

“మామూలుది! పారేసేది ఇయ్యి నాయనా, పారేసేదే!”

“మొన్న మీరే కదక్కా, పారేసేవి కొనేవాడికి బుర్ర లేదన్నారు...”

ఆవిడ బల్ల మీదుగా వంగి, అట్టకు వేలాడుతున్నదాన్ని అట్టతో సహా పీక్కుని పరుగెత్తింది. అట్టను పళ్లతో చింపింది. మెట్ల మీదే ఏదో మాడిన వాసన తగిలింది. తమ ఇంటిదో, పై వాళ్లదో.

తలుపు వెనక చడీచప్పుడు లేదు. మోకాళ్ల మీద కూలబడి, ఎడం చేత్తో బ్యాటరీ ఆనించింది. తడి చేతిలోంచి జారిపోయింది. మళ్లీ ఆనించింది. నీలం వెలుగు వచ్చింది. వెలుగొచ్చాక అంకెలు మరిచిపోయింది. రోజూ నొక్కేది వేళ్లు, తల ఏనాడూ పట్టించుకోలేదు. ఎర్రగా మెరిసి, తప్పని బుర్రుమంది తాళం. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని వేళ్లను వాటి దారిన వదిలేసింది.

తలుపు తెరుచుకుంది. మాడిన పాల వాసన, దాని అడుగున ఇంకో వాసన. గాలి పీల్చకుండా వంటింట్లోకి దూకి పొయ్యి మర తిప్పింది, కిటికీలు తోసింది. స్విచ్చు మీదికి వెళ్తున్న చేతిని మరో చేత్తో పట్టుకుని ఆపుకుంది. పిల్ల వంటింట్లో లేదు. ముందు గదిలో లేదు. మంచం కింద లేదు.

ధబ్.

బీరువా పక్క సందులోంచి వచ్చింది. ధబ్. మళ్లీ ధబ్. బుజ్జిది సొరుగు లాగేసి, సెల్లులన్నీ ముందు పోసుకుని, ఒక్కొక్కటీ పైకెత్తి నిలువుగా జారవిడుస్తోంది. బుగ్గ ఉబ్బి ఉంది. నోట్లో ఏదో ఉంది.

ఆ సొరుగులో వంటింటి కాటాకు వేసే చిన్న బిళ్ల సెల్లులు కూడా ఉంటాయి, మింగితే ప్రాణం మీదికే. ఆవిడ వేలు దూర్చి పిల్ల నోరు తెరిచింది. వచ్చింది బిస్కెట్టు ముద్ద. పిల్ల గట్టిగా కొరికి, గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ ఆవిడ నేల మీద చతికిలబడిపోయింది. కొరికిన వేలు నొప్పి కూడా తెలియలేదు.

మరదలు యూనిఫాం మీదే తడిసి వచ్చింది. పిల్లని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కళ్లు చూసింది, పెదాలు చూసింది, ఛాతీకి చెవి ఆనించింది. తర్వాత చాలాసేపు ఊరికే ఎత్తుకుని నిలబడింది. సాయంత్రం చెప్పింది.

“డ్యూటీ రోజుల్లో దీన్ని క్రెష్‌లో వేస్తాను వదినా.”

“నా మీద నమ్మకం పోయిందా?”

“పోయిందో లేదో ఇంకా తెలీదు. ఇవాళ నీ ఫోను వచ్చేసరికి ఒకాయనకి వెయ్యాల్సిన సూది చేతిలో ఉంది, చెయ్యి వణికి పక్కావిడకి ఇచ్చి వచ్చేశాను. నా చెయ్యి వణక్కూడదు.”

తమ్ముడు ఏదో సర్దిచెప్పబోయాడు. ఆవిడే వద్దంది. అలాంటప్పుడు మంచిమాటలు పొంగిన పాలకు మూతలాంటివి.

ఇప్పుడు బుజ్జిది క్రెష్‌కు వెళ్తోంది. సాయంత్రం తీసుకొచ్చేది అత్తే, దానికి మరదలు అడ్డు చెప్పలేదు. తాళంలో మామూలు సెల్లులే ఉన్నాయి, కూత మొదలైన రోజే మారుస్తారు. బాతుకూ, రిమోటుకూ, టార్చికీ చార్జింగ్‌వే. నిండినవి ఒక డబ్బాలో, ఎండినవి ఒక సంచిలో. సొరుగుకు గడియ పడింది. ఆవిడ సంచిలో ఎప్పుడూ ఒక చదరపు బ్యాటరీ ఉంటుంది, వరండాలోకి వెళ్లినా సంచి భుజానే ఉంటుంది. పాలు పొయ్యి మీద ఉన్నంతసేపూ పక్కనుంచి కదలదు. తలుపు పడిన చప్పుడు ఎక్కడ వినిపించినా, అది పక్కింటిదైనా సరే, ఒళ్లు జల్లుమంటుంది. తగ్గుతుందని అందరూ అంటున్నారు. ఇంకా తగ్గలేదు.

కొట్టు ముందునుంచి వెళ్లడం మానేసింది, వెనక వీధిలోంచి చుట్టు తిరిగి వస్తుంది. కొట్టువాడు తమ్ముణ్ని అడిగాడు, తమ్ముడు అక్కనడగమన్నాడు. ఆ మధ్యాహ్నం అట్టతో సహా పీక్కెళ్లిన బ్యాటరీ ఖరీదు ఇంకా ఇవ్వలేదు.